చీమలు పట్టిన ఇంజన్

మంగళవారం పొద్దున జయరాజ్ షెడ్డు తలుపు తీసేసరికి ఇంజనుకు చీమలు పట్టి ఉన్నాయి.

బెల్లానికి చీమలు పడతాయి, లడ్డూ డబ్బాకు పడతాయి. ఇనప ఇంజనుకు చీమలేమిటని ఎవరైనా నవ్వుతారు. జయరాజ్‌కు నవ్వు రాలేదు. నేల మీది సందులోంచి బయలుదేరిన బారు చెక్క మొద్దు ఎక్కి, ఇంజను పక్క నుంచి పైకి పాకి, నీళ్లు పోయే గొట్టం రంధ్రంలోకి దిగుతోంది. వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి. పెళ్లివారిల్లు అనుకున్నాయేమో. అతడు ఆ రంధ్రంలో వేలు పెట్టి లోపలి గోడను గీకి, ఆ వేలిని నాలుక కొసకు ఆనించుకున్నాడు. తుప్పు చేదు వెనక సన్నగా తీపి తగిలింది.

ఆ ఇంజను నిన్న సాయంత్రమే బోధన్ నుంచి లారీలో దిగింది. మిషన్ దవాఖాన అంబాసిడర్ కారులో ఎక్కించాల్సిన ఇంజను అది. కారు పాత ఇంజను పగిలిపోయి రెండు నెలలైంది. ధర్పల్లి వైపు పల్లెల్లో కాన్పు కష్టమైన ఆడవాళ్లకు ఆ కారే దిక్కు. కారు ఆగిపోయిన పదిహేను రోజులకే జక్రాన్‌పల్లి నుంచి గంగుబాయి అనే మనిషిని ఎడ్లబండిలో తెచ్చారు. తల్లి బతికింది, బిడ్డ దారిలోనే పోయింది. ఆ మాట విన్నాక చర్చి సంఘం ఆడవాళ్లు ఆగలేదు. వాళ్లు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు, ఆదివారం ఆ బియ్యాన్ని గుడి ముందు కుప్ప పోసి అమ్ముతారు. అలా గుడి పైకప్పు కోసమని రెండేళ్లుగా కూడబెట్టినదంతా ఇంజనుకు ఇచ్చేశారు. కప్పు కారితే గోనెసంచి కప్పుకుని ప్రార్థన చేసుకుంటామన్నారు.

ఇంజను వెతికి తెచ్చింది ముత్యం. జయరాజ్ భార్య ఎల్లవ్వకు సొంత తమ్ముడు. బావ దగ్గర తొమ్మిదేళ్లు పని నేర్చుకుని, మూడేళ్ల కింద బోధన్‌లో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. నిరుడు మంజీర వరదలో మునిగిన కారు ఇంజను ఒకటి ఇసకలో బిగుసుకుపోయి పడి ఉంటే, ఇనప సామాన్లవాడి దగ్గర కొని, బాగు చేసి, తనకు పడిన ధరకే దవాఖానకు ఇచ్చాడు. రూపాయి మిగుల్చుకోలేదు. 'మా అక్కోళ్ల సంఘం' అన్నాడు.

వాడిన ఇంజనును చూడకుండా బండిలో ఎక్కించేవాడు మెకానిక్కే కాదని జయరాజ్ అంటాడు. నిన్న దించగానే ప్లగ్గులు ఊడదీసి, చేత్తో క్రాంకు తిప్పుతూ ఒక్కో రంధ్రం మీద బొటనవేలు అదిమి పెట్టాడు. గాలి వేలిని గట్టిగానే తోసింది. ఇంజను ఒంటికి కిరోసిన్ రాసి, తుడిచి, పైన సుద్దపొడి అద్దాడు. ఎక్కడైనా సన్నటి పగులుంటే అందులో నిలిచిన కిరోసిన్ సుద్దలోకి ఊరి తడిగీతై కనబడుతుంది. గీత రాలేదు. ఆయిల్ వేళ్ల మధ్య రుద్ది చూశాడు, నీళ్లు కలవలేదు. "మంచిగనే ఉన్నది" అన్నాడు. అంతమాట బావ నోట రావడం ముత్యానికి తొమ్మిదేళ్లలో రెండోసారో మూడోసారో. మొహం చాటంత చేసుకుని, రాత్రి అక్క వడ్డించిన జొన్నరొట్టెలు ఒకటి ఎక్కువే తిన్నాడు.

ఇప్పుడు చీమలు వచ్చి అంతా తలకిందులు చేశాయి.

ఈ తీపి సంగతి చెప్పాలంటే ఖాసిం ఉస్తాద్ దగ్గరికి పోవాలి. బోధన్‌లో జయరాజ్‌కు పని నేర్పిన మనిషి. చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డిని పశువుల దాణాలో కలపడానికి డబ్బాల్లో తెచ్చుకుంటారు కదా, ఆ మడ్డిని నీళ్లలో కలిపి, తుప్పు పట్టిన ఇనుమును అందులో రెండు వారాలు ముంచి ఉంచితే తుప్పంతా దానంతటదే ఊడిపోతుంది. ఉలి అక్కర్లేదు, సుత్తి అక్కర్లేదు. ఇనుముకు ఏ హానీ లేదు. కానీ పిస్టన్లు అల్యూమినియంవి. వాటిని మడ్డి తినేస్తుంది. అందుకని ముందుగా పిస్టన్లు తీసేయాలి. బిగుసుకుపోయి రాకపోతే కిరోసిన్ పోసి నానబెట్టి, చెక్కదుంగతో మెల్లగా కొట్టి ఊడదీసి, ఆ తర్వాతే ముంచాలి.

ఈ చివరిమాటను ఖాసిం ఉస్తాద్ జయరాజ్‌కు పదేళ్లు చెప్పలేదు. ఆ కాలం ఉస్తాద్‌ల పద్ధతే అది. శిష్యుడికి అన్నీ నేర్పుతారు, ఒక్కటి దగ్గర పెట్టుకుంటారు. ఆ ఒక్కటి ఉన్నంతకాలం శిష్యుడు ఎదురుగా దుకాణం పెట్టడని ధీమా. చేతులు వణికి పానా పట్టలేని రోజు వచ్చాకగానీ ఆయన నోరు విప్పలేదు. జయరాజూ అదే చేశాడు. మడ్డి కలపడం ముత్యానికి నేర్పాడు, ఎన్ని రోజులుంచాలో నేర్పాడు. పిస్టన్లు తీసే వేళకు మాత్రం "ముత్యం, జర చాయ్ తేపో" అని దూరాన ఉన్న గంజ్ బజారుకు తోలేవాడు. దగ్గర్లో మూడు హోటళ్లున్నా గంజ్‌లో చాయే కావాలి. వాడు కెటిల్ పట్టుకుని అరగంటకు వచ్చేసరికి పిస్టన్లు గోనెపట్టా కింద ఉండేవి, ఇంజను మడ్డిలో ఉండేది. తర్వాత చెప్తాలే అనుకున్నాడు. చెప్పే లోపల ముత్యం బోధన్‌లో షెడ్డు పెట్టుకుంటున్నానని ముందు అక్కకు, తర్వాత బావకు చెప్పాడు. ముందు తనకు చెప్పలేదని జయరాజ్‌కు కోపం వచ్చింది. ఆ కోపంలో కిటుకు లోపలే ఉండిపోయింది.

పెరట్లో ముత్యం వేపపుల్ల నములుతున్నాడు.

"ఇంజను మడ్డిల ముంచినవా?" అని అడిగాడు జయరాజ్.

"అవ్ బావ. పద్దెనిమిది దినాలు. నువ్వు జేసినట్లే జేసిన. నీళ్లు గూడ గదే లెక్క" అన్నాడు ముత్యం సంబరంగా. "బిగుసుకపోయిన క్రాంకు బిరాన తిరిగింది, ఎర్కేనా."

పిస్టన్లు తీశావా అన్న ప్రశ్న జయరాజ్ నాలుక మీదికి వచ్చి ఆగింది. అడిగితే, ఎందుకు తీయాలని అడుగుతాడు. అందుకని తొమ్మిదేళ్లు అన్న మాటే అన్నాడు.

"జర చాయ్ తేపో. గంజ్‌ల నుంచి."

ముత్యం నోరు కడుక్కుని కెటిల్ తీసుకుని పోయాడు. వాడు పోతున్న వైపు చూస్తుంటే జయరాజ్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి పిలవలేదు.

ఇంజనును పక్కకు ఒరిగించి, అడుగున ఆయిల్ ఉండే చాంబర్ బోల్టులు విప్పాడు. నిన్ననే విప్పాల్సింది. ముత్యం తెచ్చిందే కదా అని ఊరుకున్నాడు. బ్యాటరీ లైటు పెట్టి కిందనుంచి లోపలికి చూశాడు. నాలుగు పిస్టన్ల అంచులూ చెదలు తిన్న తలుపుచెక్కలా ఉన్నాయి. గోటితో గీరితే బూడిదరంగు పొడి రాలింది. పైన రింగుల దగ్గర ఇంకా బలం ఉంది కాబట్టి వేలిని గాలి తోసింది. ఈ ఇంజను ఎక్కిస్తే తిరుగుతుంది. పది రోజులో, నెలో. ఆ తర్వాత ఒకరోజు, ఎవరో నొప్పులు పడుతూ వెనక సీట్లో పడుకుని ఉండగా, పిస్టన్ పగిలి రాడ్డు ఇంజనును చీల్చుకుని బయటకు వస్తుంది.

"ఏమంటున్నది జయరాజ్ ఇంజను? ఇయ్యాలనే ఎక్కిస్తవా?"

గుమ్మంలో విమలమ్మ నిలబడి ఉంది. దవాఖాన నర్సమ్మ, తెల్లచీర, చేతిలో గొడుగు. పిడికెడు బియ్యం కుండలు తన చేత్తో మోసిన మనిషి.

"ఎక్కియ్యరాదమ్మా. లోపట పాడైంది" అన్నాడు జయరాజ్.

"నిన్న మంచిగున్నదంటివి."

"పైకి మంచిగనే ఉన్నది. పిస్టన్లు పోయినయి. కొత్తవి పట్నం నుంచి రావాలె. ఇరవై దినాలన్న పడ్తది."

విమలమ్మ గొడుగు మూసింది. "వానలొచ్చే యాళ్లకు ఇరవై దినాలా" అని, కొంచెంసేపు ఇంజనువైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "ముత్యం ఎర్క ఉండే ఇచ్చిండా మాకు?"

రెండు మాటలు చాలు. వానికి తెల్వదు. కానీ ఆ రెండు మాటల వెంట ఎందుకు తెల్వదు అన్న ప్రశ్న వస్తుంది. నేర్పింది ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. జయరాజ్ మసిగుడ్డ తీసి వేళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ తుడిచాడు. విమలమ్మ అతడి మౌనాన్ని చూసి అర్థం చేసుకోవాల్సింది చేసుకుంది. తప్పు ఆమెది కాదు. ఎవరైనా అలాగే అర్థం చేసుకుంటారు.

అప్పుడే ముత్యం కెటిల్ ఊపుకుంటూ వచ్చాడు.

"అది మా ఆడోళ్ల పిడికెడు బియ్యం ముత్యం" అంది విమలమ్మ. అరవలేదు, అరిచినా నయంగా ఉండేది. "గంగుబాయి బిడ్డ సంగతి నీకు చెప్పే ఇంజను అడిగిన."

"ఏమైందమ్మా?"

"మీ బావనడుగు."

ముత్యం బావవైపు చూశాడు. బావ ఇంజనువైపు చూపాడు. ముత్యం వంగి చూసి, అలాగే ఉండిపోయాడు.

"నేను చాంబర్ తీయలేదమ్మా" అన్నాడు చివరికి. "పై నుంచి హెడ్డు తీసి కడిగిన. తిప్పితే తిరిగింది. గిట్లయితదని నాకెర్క లేదు. బావా, ఎందుకిట్లయింది?"

జయరాజ్ కింద పడి ఉన్న బోల్టులు ఏరడం మొదలుపెట్టాడు.

"తొమ్మిదేండ్లు పని నేర్చుకున్నోనికి ఎర్క ఉండదా" అంది విమలమ్మ. ఆమె గొడుగు తెరవడం కూడా మరిచిపోయి ఎండలో నడిచి వెళ్లిపోయింది.

ముత్యం కెటిల్ కింద పెట్టాడు. మొహం ఎర్రబడి, వెంటనే పాలిపోయింది. "నేను దొంగనా బావ?" అని అడిగాడు. జవాబు కోసం కొంచెం చూశాడు. "నా సామాన్లు అమ్మి గా పిస్టన్లు తెప్పిస్త. నర్సమ్మకు చెప్పు" అని చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు. వాకిట్లో ఆగి, తన పని మంచిదేనని నిరూపించుకోవాలన్న ఆరాటంతో అన్నాడు. "సాయన్న ట్యాక్సీకి గూడ గట్లనే మడ్డిల ముంచిన ఇంజనే ఎక్కిచ్చిన. నెల దినాలాయె. దినాం బోధన్ నుంచి వచ్చి పోతున్నది. అడుగుండ్రి ఆయన్ని."

జయరాజ్ చేతిలోంచి మసిగుడ్డ జారిపోయింది.

ముత్యం అప్పటికే సందు తిరిగాడు. వంటింటి గుమ్మంలో ఎల్లవ్వ నిలబడి ఉంది. అంతా విన్నదన్నమాట.

"వాడు దొంగ కాదని నీ నోట రాకపాయె" అంది ఆమె. "నువ్వు వాన్ని చాయ్‌కు ఎందుకు తోలెటోనివో నాకెర్క. గోనెపట్టా కింద నేను సూడలేదనుకున్నవా? మొగని ఇజ్జత్ అని నోరు మూసుకున్న. నాది గూడ తప్పే."

జయరాజ్ సైకిలు తీసుకుని రైల్వే స్టేషన్ ముందరి ట్యాక్సీ అడ్డాకు తొక్కాడు. సాయన్నది వేల్పూర్. పసుపు చేను తమ్ముడికి వదిలేసి ట్యాక్సీ కొనుక్కున్న మనిషి. బోధన్ నుంచి పొద్దున తొమ్మిదికి వస్తాడు, మనుషులు నిండగానే వెనక్కి పోతాడు. బండిలో ఎనిమిది మంది అయ్యేదాకా కదలడు. ఈ ఎనిమిది అన్న లెక్కే జయరాజ్ చెవుల్లో మోగుతోంది. ఎండకు కళ్లు బైర్లు కమ్ముతున్నా కాలు ఆపలేదు.

అడ్డాకు చేరేసరికి సాయన్న బండి స్టార్టు చేసి ఉంది. ముందు సీట్లో, సాయన్న పక్కన, ముత్యం కూర్చుని ఉన్నాడు. తన చేత్తో ఎక్కించిన ఇంజను వెనకే ఇంటికి పోతున్నాడు. వెనక సీట్లో ఇద్దరు పిల్లలతో ఒక జంట, కోడిని ఒళ్లో పెట్టుకుని హన్మవ్వ అనే ముసలామె, చెరకు చేలల్లో కలుపు తీతకు పోయే కూలీలిద్దరు ఒకరి మీద ఒకరు కూర్చున్నారు.

జయరాజ్ సైకిలు పడేసి బానెట్ ముందు నిలబడ్డాడు. "బంద్ జెయ్యి సాయన్నా. ఇంజను బంద్ జెయ్యి."

"ఏమైంది మేస్త్రీ?"

"బంద్ జెయ్యి, చెప్త."

సాయన్న తాళం తిప్పాడు. "మంచిగ నడుస్తున్న బండి ఎందుకాపినవ్? ఆలస్యమైతే వీళ్లు బస్సెక్కుతరు."

"బస్సే ఎక్కమను. గీ ఇంజను పిస్టన్లను మడ్డి తిన్నది. ఎప్పుడు పలుగుతయో చెప్పరాదు. పోచారం మూలమలుపు మీద పలిగితే ఒక్కరు మిగలరు."

సాయన్న తల తిప్పి ముత్యంవైపు చూశాడు. వెనకనున్న కూలీలు కూడా చూశారు. ఇందాక విమలమ్మ చూసిన చూపే. ముత్యం ఆ చూపుల మధ్య కదలకుండా కూర్చున్నాడు. ఇప్పుడూ చేతులు తుడుచుకుంటూ నిలబడొచ్చు. బండి ఆగింది, మనుషులు బతికారు, ఇంక మిగిలిన మాట ఎవరడిగారు? ఆ ఆలోచన జయరాజ్‌కు రాలేదని చెప్తే అబద్ధమవుతుంది. వచ్చింది.

"ముత్యందేం తప్పు లేదు" అన్నాడు జయరాజ్. "మడ్డిల ముంచెటప్పుడు పిస్టన్లు ముందుగాల తీసెయ్యాలె. గా సంగతి వానికి తెల్వదు. నేను చెప్పలే."

"మర్సిపోయినవా?" అన్నాడు సాయన్న.

"లే. కావాలనే చెప్పలే."

రైలు కూతకు కోడి బెదిరి రెక్కలు కొట్టుకుంది. "మరి నేను బోధన్‌కెట్ల పోవాలె బిడ్డా" అని హన్మవ్వ అడిగేసరికి అందరికీ కదలిక వచ్చి, మూటలు దించుకుంటూ బస్సు వైపు నడిచారు.

ముత్యం మాత్రం దిగలేదు. ఎదుటి అద్దంలోంచి బావనే చూస్తూ అన్నాడు.

"అందుకేనా నన్ను చాయ్‌కు తోలెటోనివి?"

"అవ్."

"గంజ్ దాకా. మూడు హోటళ్లు దాటుకుంట." ముత్యం లెక్కపెట్టుకుంటున్నట్టు అన్నాడు. "ఇయ్యాల పొద్దుగాల గూడ."

"అవ్ రా. ఇయ్యాల గూడ."

బండిని స్టార్టు చేయకుండా షెడ్డు దాకా తోసుకుపోయారు. సాయన్న స్టీరింగ్ పట్టుకున్నాడు, బావా బావమరిదీ వెనక చెరో పక్కన భుజం ఆనించారు. దవాఖాన దగ్గర బండి ఆపమని జయరాజ్ లోపలికి పోయాడు. విమలమ్మ మందుసీసాలు తుడుస్తోంది. నిలబడే చెప్పాడు, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె సీసా బల్ల మీద పెట్టింది.

"గా పిలగాన్ని నీ ముందట దొంగను జేసిన. నువ్వు సూస్కుంట ఉన్నవ్" అంది. సీసా మూత బిగించింది. "ఆదివారం గుడిల గిదే మాట ఆడోళ్ల ముందట చెప్పు. వాళ్ల బియ్యం ఏడ ఆగిందో వాళ్లకు తెల్వాలె." తర్వాత ఆమే బయటికి వచ్చి ముత్యం ముందు నిలబడింది. "తప్పుగ అన్న నాయినా" అంది. ముత్యం తల ఊపాడు, అంతే.

షెడ్డులో బావా బావమరిదీ సాయన్న బండి కింద దూరి చాంబర్ విప్పారు. మూడో పిస్టన్ అంచున వెంట్రుకంత పగులు పైదాకా పాకి ఉంది. జయరాజ్ వేలు తగలగానే తమలపాకంత ముక్క ఊడి చేతిలో పడింది. సాయన్న ఆ ముక్కను చూసి, గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. అతడి పెదవులు ఎవరెవరివో పేర్లు లెక్కపెట్టుకుంటున్నాయి, పొద్దున బండిలో వచ్చినవాళ్లవి కావచ్చు.

జయరాజ్ అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. కిరోసిన్ ఎన్ని రోజులు పోయాలో, చెక్కదుంగ ఎంత మెత్తనిది కావాలో, ఏ పక్క నుంచి కొట్టాలో, పిస్టన్లు తీశాక బేరింగులు కూడా తీసి అప్పుడు ముంచాలని, అన్నీ చెప్పాడు. ఖాసిం ఉస్తాద్ తనకు చెప్పిన మాటలు అక్షరం పోకుండా చెప్పాడు. చెప్పడానికి పావుగంట కూడా పట్టలేదు. ఇంత చిన్న సంగతా తాను పన్నెండేళ్లు మోసింది అని అతడికే సిగ్గేసింది.

ముత్యం అంతా విన్నాడు.

"ఇంకేం దాచినవ్ బావ?"

"ఏం లేవు" అనేశాడు జయరాజ్. ఆ మాట అలవాటు కొద్దీ దానంతటదే వచ్చేసింది. ముత్యం కళ్లు తిప్పలేదు. జయరాజ్ పానా కింద పెట్టాడు. "రెండున్నయి" అన్నాడు. హెడ్డు రెండోసారి బిగించేటప్పటి సంగతి ఒకటి, గేర్‌బాక్సు సంగతి ఒకటి. రెండూ చెప్పాడు.

"రెండేనా?"

"రెండే. ఎల్లవ్వ మీద ఒట్టు."

అది నిజమే. పిసరు కూడా మిగలలేదు, లోపల వెతికినా లేదు. కానీ నిజం చెప్తున్నప్పుడు కూడా ముత్యం మొహం మారలేదు. నమ్మాడో లేదో తెలియలేదు. ఇక మీదట తాను ఏం చెప్పినా అంతేనని జయరాజ్‌కు అప్పుడు తెలిసివచ్చింది.

ఎల్లవ్వ గుమ్మంలోకి వచ్చింది. "ముత్యం, పొద్దుగాల నుంచి ఏం తినకపోతివి. లోపటికి రా, అన్నం పెట్టిన."

"పో, తినిరాపో" అన్నాడు జయరాజ్ మెత్తగా. "గా లోపు నేను గీ పిస్టన్లు తీసి పెడ్త."

ముత్యం లేవలేదు. ఖాళీ ఆయిల్ డబ్బా ఒకటి దగ్గరికి లాక్కుని, బోర్లించి, బావ చేతులకు జానెడు దూరంలో కూర్చున్నాడు.

"ఆకలి లేదక్కా" అన్నాడు. "నువ్వు తీయి బావ. నేను సూస్త."

జయరాజ్ పానా అందుకున్నాడు.